మితపదవాచకములు: ఆంగ్లభాషాభ్యాసమున వాని ప్రయోజనము

బాలురకు సులభముగా బోధపడుటకై తర్కసంగ్రహమును రచించుచున్నట్లు అన్నంభట్టు ఆ గ్రంథారంభముననే చెప్పుకొనెను. 17వ శతాబ్దమునకు చెందిన యీ పండితుడు తెలుగువాడని ప్రసిద్ధి. ఇచ్చటి బాలశబ్దమునకు వ్యాఖ్యాతలు చేసిన వివరణము గమనింపదగినది. బాలుడనగా చనుబాలు త్రాగు శిశువు కాడు. విన్నదానిని గ్రహించుటకును, గ్రహించినదానిని నిలుపుకొనుటకును శక్తి గలిగియు, ప్రకృతశాస్త్రమును మాత్రము ఇంకను చదువనివాడు. అట్టివానికి వలసినది పెద్దబుద్ధికి తగిన చిన్నపుస్తకము.

వ్యాకరణశాస్త్రమున నిట్టి చిన్నపుస్తకములలో మేలైనది లఘుసిద్ధాంతకౌముది. పాణిని సూత్రములు దాదాపు 4,000. భట్టోజిదీక్షితుడు వానినన్నింటిని ప్రక్రియాక్రమమున కూర్చి సిద్ధాంతకౌముదిని రచింపగా, ఆయన శిష్యుడు వరదరాజు అందుండి యించుమించు మూడవవంతు సూత్రములను మాత్రము ఏఱి లఘుకౌముదిని సంతరించెను. ఏఱిన సూత్రములను తన మాటలలోనికి మార్చలేదు. ఉన్నవానిని ఉన్నట్లే నిలిపెను. ఇందువలన రెండు లాభములు కలిగినవి. లఘుకౌముదితో చదువు చాలించినవాడు సైతము సంధిని విడదీయగలడు, రామశబ్దమును సాధింపగలడు. పైకి పోదలచినవానికి నేర్చినదానిలో మఱచిపోవలసినది లేదు. మధ్యలో ఆగినవాని చేతిలో ఏమి మిగిలినది, ముందునకు పోవువానికి దారి మూసికొనిపోయినదా, యను నీ రెండు ప్రశ్నలే యే సంక్షేపగ్రంథమునకైనను నికషోపలములు.

ఆంగ్లభాషను నేర్చుకొను పరభాషీయుల కొఱకు, ఏఱికూర్చిన కొలది పదములలోనే వ్రాయబడిన పుస్తకములు ఇంచుమించు నూఱేండ్లుగా వెలువడుచున్నవి. వానిని మితపదవాచకములనవచ్చును. వెయ్యి పదములు మాత్రమే యెఱిగినవాడు కూడ ఒక నవలను మొదటినుండి తుదివఱకు తనంతట చదువుకొనగలుగుట వాని యుద్దేశము. ఇట్టివానివలన భాష వచ్చునా, భాషయొక్క నీడ మాత్రము వచ్చునా యను వివాదము ఆ పుస్తకములతోడనే పుట్టి నేటికిని సాగుచున్నది. ఆ పుస్తకములు పుట్టినది ఇంగ్లండున కాదు, వంగదేశమున, ఢాకానగరమున.

ఐరోపాలో దీనికి పూర్వరంగము కొంత కలదు. చెక్ దేశీయుడగు కొమీనియసు 1631లో లాటినుభాష నేర్చువారి కొఱకు 'తెఱచిన భాషాద్వారము' అను నర్థము గల పేరుతో నొక వాచకమును ప్రకటించెను. అందు సుమారు 8,000 పదములు 1,000 వాక్యములలో కూర్పబడినవి. లెక్క చూచినచో వాక్యమునకు ఎనిమిదేసి క్రొత్తపదములు. ద్వారము తెఱచియే యున్నను లోనికి పోగలవారు అరుదైరి. కావుననే యాయన 1633లో ఇంచుమించు వెయ్యి పదములతో మఱియొక చిన్నపుస్తకము వ్రాసి దానికి 'ముంగిలి' యని యర్థమిచ్చు పేరు పెట్టెను. ఇంగ్లండున చార్లెసు లాంబు, అతని సోదరి మేరీ 1807లో షేక్స్పియరు నాటకకథలను బాలురకై వచనమున చెప్పిరి గాని, ఆ బాలురు ఆంగ్లమే మాతృభాషగా గలవారు. అచ్చట కుదింపబడినది కథ, పదములు కావు. అదే శతాబ్దపు 1860లనాటి దశకమున మఱియొక వింత జరిగెను. లూసీ ఐకిను అను నామె మేరీ గొడాల్ఫిను అను మాఱుపేరుతో రాబిన్సను క్రూసో కథను ఏకాక్షరపదములతో వ్రాయగా ఆ పుస్తకము ప్రచారమునకు వచ్చెను. పదము కుఱుచయైనచో సులభమగునని యా కాలమువారి తలంపు. 'స్రక్' అనునది యొక్క యక్షరమే. 'పూలమాల' యనునది నాలుగక్షరములు. తెలుగు నేర్చుకొన వచ్చినవానికి ఏది ముందుగా వలయునో చెప్పనక్కఱలేదు.

ఢాకాలో ఈ పని నారంభించినవాడు మైకేలు వెస్టు (1888–1973). ఆయన ఇండియను విద్యాశాఖలో ఉద్యోగియై వచ్చి, ఢాకాలోని ఉపాధ్యాయశిక్షణ కళాశాలకు అధ్యక్షుడుగా నుండెను. అప్పటికి వంగదేశపు ఉన్నతపాఠశాలలలో చదువంతయు ఆంగ్లమునకు లోబడియుండెను. 1917లో ఏర్పడి 1919లో నివేదిక నొసగిన కలకత్తా విశ్వవిద్యాలయ సంఘము, పాఠశాలలలో మాతృభాషకు ఎక్కువ చోటీయవలెనని సూచించెను. ఆ చర్చ నడుమ వెస్టు తన పరిశోధనలను 1926లో ద్విభాషిత్వమును గుఱించిన గ్రంథముగా ప్రకటించెను. అందు ఆయన ప్రధానముగా చూచినది పరీక్షలో గెలిచిన బాలుని కాదు. ఆంగ్లము మొదలుపెట్టినవారిలో అనేకులు నడుమనే బడి మానివేయుచుండిరి. వారికి దక్కినదేమి?

దీనిని తెలుపుటకు ఆయన బీమాకంపెనీల పరిభాష నెరవు తెచ్చుకొనెను. బీమా కట్టువాడు గడువు తీరకమునుపే మానుకొన్నచో, అతడు కట్టిన సొమ్ములో కొంత తిరిగి వచ్చును. దానిని సరెండరు విలువ యందురు. చదువునకును అట్టి విలువ యొకటి యుండవలెననియు, రెండేండ్లు చదివి మానినవానికి రెండేండ్ల ఫలము చేతికి రావలెననియు వెస్టు వాదించెను. నాటి ఆంగ్లబోధనమున నట్టి విలువ లేదు. పదియేండ్లు పూర్తిగా చదివినవానికే అది ఫలించును. మూడేండ్లకు మానినవానికి నాలుగు పద్యములు, కొన్ని వ్యాకరణరూపములు, ఒక చేవ్రాలు మిగులును. పల్లెకు తిరిగిపోయిన యా బాలునితో ఆంగ్లమున మాటలాడువారు లేరు. కావున మాటలాడ నేర్చినను అది తుప్పు పట్టిపోవును. చదువ నేర్చినచో, చదువదగిన పుస్తకము దొరికినంతకాలము ఆ విద్య నిలుచును. అందువలన వాచనమే ముందుగా నేర్పవలెనని యాయన తేల్చెను.

చదువదగిన పుస్తకమే లేకపోయెను. వాడుకలోనున్న వాచకములను వెస్టు పరిశీలింపగా రెండు దోషములు కనబడినవి. మొదటిది, పదముల ఎన్నిక. ద్వీపమునకు వాడుకమాటయగు 'ఐలండ్' ఉండగా కవులు వాడు 'ఐల్', 'నథింగ్' ఉండగా 'నాట్', 'బిఫోర్' ఉండగా 'ఎర్' బాలునికి ముందు నేర్పబడుచుండెను. అమరకోశమున ఏనుగునకు పదునైదు పేర్ల వఱకు కలవు. తెలుగు నేర్చుకొన్న పరదేశి వీథిలో నిలిచి 'స్తంబేరమము వచ్చుచున్నది' యని కేకవేసినచో, జనులు అర్థము విచారించుకొనులోపల ఏనుగు రానే వచ్చును. రెండవ దోషము, పదముల కూర్పు. క్రొత్తపదములు గుంపులు గుంపులుగా వచ్చి, ఒకసారి కనబడి మఱల కనబడక మాయమగుచుండెను. వెస్టు కవితాపదములను తీసివైచి వాడుకపదములను పెట్టెను. క్రొత్తపదము నొక్కటొక్కటిగా దూరదూరముగా ప్రవేశపెట్టి, వచ్చినదానిని మఱలమఱల రప్పించెను. ఇట్లు కొంత పదసామగ్రి చేకూరిన పిమ్మట క్రొత్తపదముల భారము లేక ఆ పదములతోనే నడచు కథాపుస్తకములను సహాయవాచకములుగా నిచ్చెను. ఈ 'న్యూ మెథడ్' వాచకములు 1926–27 ప్రాంతమునుండి లాంగ్మన్సు కంపెనీవారిచే ప్రచురింపబడి, వంగదేశము దాటి యనేక దేశములకు వ్యాపించెను.

అన్నంభట్టు వ్యాఖ్యాతలు చెప్పిన బాలుని వెస్టు సరిగా గుర్తించెననవలెను. పండ్రెండేండ్ల వంగబాలునికి ఇంగ్లండు శిశువు చదువు పిల్లికుక్కల పాట నిచ్చినచో అతని కది యవమానము. వానికి సాహసకథ కావలయును, పదములు మాత్రము కొలదిగా నుండవలయును.

ఏ పదములను ఏఱవలె ననునది తరువాతి చిక్కు. బృహస్పతి ఇంద్రునకు వేయి దివ్యసంవత్సరములు ఒక్కొక్క పదమునే చెప్పుచు పోయినను శబ్దములకు అంతము కనబడలేదని మహాభాష్యమున పతంజలి చెప్పిన కథ ప్రసిద్ధము. ఆ చిక్కునకు వైయాకరణులు కనిపెట్టిన యుపాయము ఉత్సర్గాపవాదరూపమగు సూత్రరచన. పదములను సాధించుటకు సూత్రము చాలును గాని, ఏ పదము లోకమున నెక్కువగా వాడబడునో సూత్రము చెప్పదు. దానికి లెక్కపెట్టుట యొక్కటియే దారి. అమెరికాలో థార్నుడైకు అను మనశ్శాస్త్రవేత్త 40 లక్షలకు పైబడిన పదప్రయోగములను లెక్కించి, 10,000 పదముల పట్టికను 1921లో ప్రకటించెను. వెస్టు దీనినుండి సాయము పొందెను. ఐనను లెక్కయొక్కటియే చాలదని యాయనకు త్వరలోనే తెలిసినది. గ్రంథములలో లెక్కించిన పట్టికలో గ్రంథపదములే పైకి వచ్చును. బడిలో నిత్యము వలయు సుద్ద, బల్ల, నోటుపుస్తకము వంటివి క్రిందికి జారును.

ఇంతలో ఇంగ్లండున మఱియొక మార్గము బయలుదేఱెను. సి. కె. ఆగ్డెను (1889–1957) 1930లో 'బేసిక్ ఇంగ్లీషు' అను పేర 850 పదముల భాషను ప్రకటించెను. అందు వస్తువాచకములు 600, గుణవాచకములు 150, వ్యాపారపదములు 100. ఈ నూటిలో క్రియలు 18 మాత్రమే. లోకములోని యే సంగతినైనను ఈ 850 పదములతో చెప్పవచ్చునని యాయన ప్రతిజ్ఞ. ఐ. ఎ. రిచర్డ్సు అను ప్రసిద్ధ విమర్శకుడు దీనికి సహాయుడై చైనాలో ప్రచారము చేసెను. క్రొత్తనిబంధన 1941లోను, సంపూర్ణ బైబిలు 1949లోను ఈ భాషలో వెలువడెను. 1943 సెప్టెంబరు 6న ఇంగ్లండు ప్రధాని చర్చిలు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉపన్యసించుచు దీనిని మెచ్చుకొనెను.

వెస్టు పుస్తకములను, ఆగ్డెను పద్ధతిని ఒక్కగాటను కట్టుట తఱచుగా జరుగు పొరపాటు. వెస్టు కోరినది భాషలోనికి మెట్లు. ఆగ్డెను కోరినది భాషకు మాఱు. వెస్టు క్రియలను వదలలేదు, వాడుకలోనున్నవానినే ఏఱెను. ఆగ్డెను క్రియలను పదునెనిమిదింటికి కుదించి, మిగిలినవానిని 'అప్', 'ఔట్', 'ఆఫ్' మొదలగు నవ్యయముల కూడికచే సాధించెను. ఇచ్చట సంస్కృతవైయాకరణునికి తెలిసిన సంగతి యొకటి యడ్డువచ్చును. ఉపసర్గ ధాత్వర్థమును బలాత్కారముగా వేఱొకచోటికి ఈడ్చుకొనిపోవును. హృధాతువు ఒక్కటే, ఆహారము, విహారము, సంహారము, పరిహారము, ప్రహారము వేఱువేఱు. హృధాత్వర్థ మెఱిగినంతమాత్రమున ఆహారమునకును సంహారమునకును భేదము తెలియదు. అట్లే ఆంగ్లమున 'పుట్' అనగా ఉంచుట. 'పుట్ ఔట్' అనగా దీపము నార్పుట. 'పుట్ ఆఫ్' అనగా వాయిదా వేయుట. 'పుట్ అప్ విత్' అనగా సహించుట. పట్టికలో నివి నాలుగైదు చిన్నపదములు. నేర్చువానికి ప్రతికూడికయు నొక క్రొత్తపదమే. తెలుగున 'పడు' ధాతువును చూచినను ఇదియే తేలును. చెట్టుపైనుండి పడుట, జబ్బు పడుట, మనసు పడుట, అప్పు పడుట, కంట పడుట: తెలుగువాడు వీనిని నేర్చుకొన్నట్లే యెఱుగడు, పరదేశికి ఇవి యైదు పాఠములు.

ఈ దోషమును వెస్టు, అతని సహాధ్యయనులు 1934లో టొరాంటోనుండి వెలువడిన విమర్శగ్రంథమున ఎత్తిచూపిరి. తరువాత ఫ్రీసు అను అమెరికా పండితుడు ఆక్స్ఫర్డు మహానిఘంటువును ఆధారముగా గొని లెక్కింపగా, ఆ 850 పదములకు పదివేలకు మించిన యర్థములు తేలెను. పదములు తగ్గినచో అర్థముల బరువు మిగిలినవానిపై బడును. మూటలు తగ్గించినమాత్రమున సరుకు తగ్గదు.

ఆగ్డెనునకు న్యాయము చేయుటకు ఒక మాట చెప్పవలెను. చర్చిలు యుద్ధారంభకాలపు ప్రసిద్ధోపన్యాసమున చెప్పిన రక్తము, శ్రమ, కన్నీరు, చెమట యను మాటలను బేసికులోనికి మార్చినచో కన్నీరు 'కంటినీరు' అనియు చెమట 'మొగమునీరు' అనియు కావలసివచ్చునని అమెరికా అధ్యక్షుడు రూజువెల్టు 1944లో చర్చిలునకు వ్రాసి పరిహసించెను. ఆంగ్లేయులకది నవ్వు పుట్టించినది. తెలుగున కన్నీరనగా కంటినీరే. తిక్కనాదులకు చాలిన మాట ఆంగ్లమున పరిహాసపాత్రమగుటకు కారణము, సమాసము నీచమగుట కాదు. ఆ భాషలో వాడుక యట్లు లేకుండుట. బేసికులో చెప్పినది అర్థమగును గాని, పుట్టుకచే ఆంగ్లేయుడైనవాడు అట్లు చెప్పడు. అందువలన బేసికు నేర్చినవాడు పైకి పోదలచినచో నేర్చినదానిలో కొంత మఱచిపోవలసియుండును. లఘుకౌముది చదివినవానికి ఈ బాధ లేదని పైన చెప్పబడినది.

ఇదే కాలమున జపానులో హెరాల్డు పామరు (1877–1949) మఱియొక దిక్కునుండి ఈ సమస్యను సమీపించెను. 1922లో ఆయన జపాను విద్యాశాఖకు భాషావిషయమున సలహాదారుగా టోక్యో చేరి, మరుసటి యేట ఆంగ్లబోధన పరిశోధనసంస్థను నెలకొల్పెను. ఆయనకు వాచనముకన్న వాక్కు ముఖ్యము. ఐనను పదముల ఎన్నిక విషయమున ఇద్దఱును ఒక్కచోటికే వచ్చిరి. 1934లో న్యూయార్కున కార్నెగీ సంస్థవారి యాదరమున జరిగిన సభకు వెస్టు, పామరు ఇద్దఱును పోయిరి; ఆ కృషిఫలముగా 1936లో పదముల ఎన్నికపై నొక మధ్యకాలనివేదిక వెలువడెను. పామరు అనుచరుడగు హార్న్బీ 1942లో టోక్యోలో ప్రచురించిన నిఘంటువు, 1948లో ఆక్స్ఫర్డువారిచే పునర్ముద్రితమై, ఆంగ్లము నేర్చువారందఱి బల్లలపైకి చేరినది. వెస్టు సైతము ఎండికాటుతో కలసి 1935లో నొక నిఘంటువు కూర్చెను. అందు 24,000 అంశములకు 1,490 పదములతోనే వివరణము చెప్పబడినది. అర్థము చెప్పుటకు వాడిన పదమునకు మఱల అర్థము వెదకవలసిన దురవస్థ నిఘంటువులు చూచువారందఱు నెఱిగినదే. ఆ దురవస్థ తీర్చిన యీ పద్ధతిని 1978లో లాంగ్మను నిఘంటువు 2,000 పదములతో కొనసాగించెను.

1953లో వెస్టు సంపాదకత్వమున 'జనరల్ సర్వీస్ లిస్ట్' అను పట్టిక అచ్చయ్యెను. అందు సుమారు 2,000 మూలపదములు గలవు. ఏ పదము ఏ యర్థమున నూటికి ఎన్నిసార్లు వాడబడునో కూడ అందు చూపబడినది. నానార్థముల బరువును మఱచినారను ఆక్షేపణకు ఇది తగిన సమాధానము. తరువాతి మితపదవాచకములలో ననేకము ఈ పట్టిక నీడనే పెరిగినవి. ఆక్స్ఫర్డువారి 'బుక్వర్మ్స్' వాచకములు 400 పదముల మెట్టునుండి 2,500 పదముల మెట్టువఱకు ఆఱు మెట్లుగా నేర్పడినవి.

ఈ పుస్తకముల యవసరమును లెక్కతో నిరూపింపవచ్చును. పై పట్టికలోని 2,000 పదములును వచ్చినవానికి సామాన్యాంగ్లగ్రంథమున నూటికి 80 పదములవఱకు తెలిసియుండును. ఎనుబది యనగా చాలననిపించును. కాని మున్నూఱు పదముల పుటలో అఱువది తెలియని పదములన్నమాట. హూ, నేషను అను నిద్దఱు 2000వ సంవత్సరమున ప్రకటించిన పరిశోధనలో, నూటికి 80 తెలిసియుండగా కథను తగినంతగా గ్రహించినవా డొక్కడైనను లేకపోయెను. ఎవరి సాయము లేక చదువుటకు నూటికి 98 తెలిసియుండవలెనని వారు తేల్చిరి. అనగా పుటకు ఆఱు మాత్రమే తెలియని పదములు. మున్నూఱింట అఱువదికిని ఆఱింటికిని నడుమనున్న యంతరమే మితపదవాచకము పూడ్చునది. రెండువేల పదములు వచ్చినవానికి డికెన్సు నవల నిచ్చినచో అతడు చదువడు, నిఘంటువును త్రిప్పును. ఆ రెండువేల పదములలోనే కుదిర్చిన పుస్తకము నిచ్చినచో చదువును. మితపదవాచకమును నకిలీభాష యని నిందించువారు, ఆ దశయందలి విద్యార్థికి మఱియే గ్రంథము చదువ వీలగునో చెప్పవలసియున్నది.

చదివినచో భాష పెరుగునా? ఇంగ్లండులోని లీడ్సు నగరమున హఫీజు, ట్యూడరు అనువారు మూడు నెలలు కొందఱు బాలురచే మితపదవాచకములను చదివించి 1989లో ప్రకటించిన ఫలితములలో, వాచనమేకాక వ్రాత కూడ మెఱుగుపడినట్లు తేలెను. దీనికి ఎదురుగా, జపానులో వారింగు, తకాకి అనువారు 2003లో ప్రకటించిన పరిశోధన కఠినసత్యమును చెప్పును. ఒక మితపదవాచకములో ఇరువదియైదు పదములకు బదులు కల్పితపదములు చేర్చి చదివింపగా, మూడునెలల పిమ్మట సగటున నొక్క పదమునకే చదువరులు అర్థము చెప్పగలిగిరి. ఎనిమిదిసార్లకు తక్కువగా కనబడిన పదము ఒక్కటియు నిలువలేదు. ఈ రెండును పరస్పరవిరుద్ధములుగా తోచును గాని కావు. ఒక్క పుస్తకమువలన క్రొత్తపదములు రావు. తెలిసియు తెలియని పదములు అనేకపుస్తకములలో పలుమాఱు కనబడుటచే గట్టిపడును. వేదపాఠకునికి ఆవృత్తి ఎట్టిదో భాషాభ్యాసికి ఇదియు నట్టిది. భేదమేమనగా ఇచ్చట నావృత్తి పొందునది పదము మాత్రమే, కథ మాఱుచుండును.

ఆక్షేపణలలో బలము గలవి రెండు. పదములను పట్టికకు కుదించు తొందరలో వాక్యములను ముక్కలు చేసి, కారణకార్యములను కలుపు పదములను తీసివేయుటచే వచనము చప్పబడి, సులభమగుటకు మాఱు దుర్గ్రహమగునని హనీఫీల్డు 1977లో వ్రాసెను. ఇది యనేకపుస్తకముల విషయమున నిజము. 'వాన కురిసెను. అతడు రాలేదు' అని వ్రాసి, వాన కురియుటచేతనే రాలేదా, కురిసినను రావలసియుండియు రాలేదా యను విచారణను చదువరికే విడిచిపెట్టుట సౌలభ్యము కాదు. విడోసను 1978లో ఒక గ్రంథమును సరళపఱచుటకును, ఆ విషయమునే సరళముగా మొదటినుండి చెప్పుటకును భేదము చూపెను. మొదటిది చొక్కాను కత్తిరించి చిన్నవానికి తొడుగుట. రెండవది చిన్నవాని కొలతకు కుట్టుట. ఈ దృష్టితో చూచినచో పూర్వకథలను కుదించిన వాచకములకన్న ఆ కొలతకే వ్రాయబడిన క్రొత్తకథలు మేలని చెప్పవలసివచ్చును. వరదరాజుని మార్గము శాస్త్రమునకు తగును గాని, కావ్యమున ఏఱుట సాధ్యము కాదు. కావ్యమున మూడవవంతు శ్లోకములు తీసి కూర్చినది కావ్యము కాదు.

రెండవ ఆక్షేపణ మెట్ల కొఱతను గూర్చినది. 'బుక్వర్మ్స్' వంటి వాచకముల పైమెట్టు 2,500 పదముల దగ్గఱ ఆగిపోవును. సామాన్యమగు ఆంగ్లనవలను నూటికి 98 వంతున తెలిసి చదువుటకు 8,000 మొదలు 9,000 పదకుటుంబములు వలయునని నేషను 2006లో లెక్కించెను. నడుమ నైదువేల పదముల యగడ్త గలదు. పడవ ఏటి నడుమవఱకు తెచ్చి దింపివేసినట్లున్నది. దీనిని గుర్తించి నేషను తానే మధ్యమపదములతో కొన్ని గ్రంథములను కుదిర్చెను. అవి యింకను కొలదియే. వెస్టు చెప్పిన సరెండరు విలువ మొదటి మెట్లలోవానికి దక్కినది. పై మెట్టుమీద నిలిచిపోయినవాని సంగతి నూఱేండ్ల పిమ్మటను తీరలేదు.

తెలుగుదేశమున ఈ పుస్తకముల కొక విచిత్రగతి పట్టినది. 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్లసంస్థ ఏర్పడెను. నేటి ఆంగ్ల, విదేశీభాషా విశ్వవిద్యాలయమునకు అదియే మూలము. పదములను, వాక్యరీతులను మెట్లుమెట్లుగా నేర్పు పద్ధతి ఆ కాలమున దేశమంతట ప్రబలినది. కాని సహాయవాచకము బడులకు ఎప్పుడో వచ్చియుండెను. దాని పేరు 'నాన్ డిటెయిల్డ్'. వివరముగా పాఠము చెప్పక, విద్యార్థి తనంతట చదువుకొనవలసిన పుస్తకమని దాని యర్థము. సంక్షేపింపబడిన ఆంగ్లనవలలు తెలుగుబాలురకు ఈ పేరుతోనే పరిచయమైనవి. అయితే ప్రశ్నపత్రమున దానికి మార్కులుండుటచే ఉపాధ్యాయుడు దానిని వాక్యవాక్యముగా విడదీసి చెప్పెను. అంగడిలో గైడు వచ్చెను. గైడులోని సారాంశమును బాలుడు కంఠస్థము చేసెను. పుస్తకము చదువకయే దానిపై వ్యాసము వ్రాయ నేర్చినవారు తరతరములుగా పరీక్షలు దాటిరి. వెస్టు చదువుటకై చేసిన సాధనము చదువు తప్పించుకొనుటకు సాధనమయ్యెను. ఏడాదికొక్క పుస్తకముండుటయే దీనికి మూలకారణము. ఒక్కటే యున్నచో దానిని పిండి పిప్పి చేయక తప్పదు.

ఫిజీద్వీపములలో ఎల్లీ, మంగుభాయి అను నిద్దఱు 1980లో ప్రారంభించిన ప్రయోగము దీనితో పోల్చి చూడదగినది. ఆంగ్లము పరభాషగా గల పల్లెబడులలో నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు తరగతికి 250 చొప్పున కథాపుస్తకములనిచ్చిరి. అవి పట్టికకు కుదించినవి కావు. బొమ్మలతో కూడిన మంచి కథలు. ఆ పిల్లలకు ఆ పుస్తకముల నుండి మార్కులకై ప్రశ్నలడుగలేదు; కొన్ని బడులలో ఉపాధ్యాయుడు చదివి వినిపించి చర్చించెను, కొన్నింట పిల్లలు ఊరక చదువుకొనిరి. తొలియేడు ముగియునప్పటికి వాచనమునను, వినికిడియందును వారి యభివృద్ధి సామాన్యాభివృద్ధికి రెట్టింపుగా నుండెను. రెండవయేట అది వ్రాతకును వ్యాపించెను. సర్వత్ర పదములపట్టికయే ఫలమునకు కారణమనుకొన్నవారికి ఈ ప్రయోగము సమాధానము చెప్పక తప్పని ప్రశ్న. పిల్లల కథలలో బొమ్మ చేయు సాయమును, బొమ్మలు లేని పెద్దవారి పుస్తకములలో పట్టిక చేయవలెను. రెంటియందును సమానమైనది మాత్రము తరగతికి 250 అను సంఖ్య.